కిండర్ నుంచి మార్స్‌డెన్ దాకా, నాచు వెంట

ఈడేల్, మార్చి మొదటి వారం, గురువారం

ఈడేల్ స్టేషన్‌లో దిగినవాళ్లందరి కాళ్లకీ బురద పట్టిన బూట్లే. మా బావ ఒక్కడివే తెల్ల షూస్. మాంచెస్టర్‌లో హాస్పిటల్ ఉద్యోగం, ఏళ్లుగా అక్కడే కాపురం. అయినా ముప్పావుగంట రైలు దూరంలో ఉన్న ఈ కొండలు ఎప్పుడూ ఎక్కలేదు. "కొండంటే చెట్లుండాలి, లేకపోతే గుడన్నా ఉండాలి. ఇక్కడ ఏముందని తీసుకొచ్చావు?" అని దారంతా అడుగుతూనే ఉన్నాడు. ఏమీ లేనట్టు కనిపించే ఆ నేలను చూడ్డానికే వచ్చానని చెబితే నవ్వాడు.

పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్క్. 1951లో ఏర్పడింది. ఒక పక్క మాంచెస్టర్, ఇంకో పక్క షెఫీల్డ్, మధ్యలో ఆరు వందల మీటర్ల ఎత్తున చెట్టూ చేమా లేని బల్లపరుపు నేల. దాన్నే మూర్ అంటారు. పైన హెదర్ పొదలు, కాటన్ గ్రాస్ అనే గడ్డి, కింద పీట్. మొక్కలు నీళ్లలో నానుతూ, పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోతే తయారయ్యే నల్లమట్టి అది. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. మీటరు పీట్ కావాలంటే వెయ్యేళ్లు పడుతుంది.

దాన్ని పాడుచేయడానికి మాత్రం రెండు వందల ఏళ్లు చాలాయి. చుట్టుపక్కల మిల్లుల బొగ్గుపొగ వానలో కలిసి కురిసింది. పీట్‌ను కట్టే స్ఫాగ్నమ్ నాచు ఆ గంధకాన్ని తట్టుకోలేక చచ్చిపోయింది. ఆ పైన మంటలు, లెక్కకు మించిన గొర్రెలు. నేల మీద కప్పు పోయాక, వాన పడ్డప్పుడల్లా పీట్ కోసుకుపోయి కిందనున్న రిజర్వాయర్లలోకి చేరింది. ఇంత ఆమ్లం పట్టిన నల్లమట్టిలో విత్తనం పడినా మొలవదు. ఈడేల్ ఊరి మధ్య, మొక్కలు పెంచిన పైకప్పుతో ఒక చిన్న కట్టడం ఉంది, మూర్‌ల్యాండ్ సెంటర్. 2003లో మొదలైన మూర్స్ ఫర్ ద ఫ్యూచర్ అనే ఉమ్మడి సంస్థ ఆఫీసు అక్కడే. నేషనల్ పార్క్, పాత కట్టడాలనూ ప్రకృతి స్థలాలనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ, పక్షుల సంఘం, నీటి కంపెనీలు అందరూ అందులో భాగస్వాములు. నీటి కంపెనీలకు ఇందులో పనేమిటని బావ అడిగాడు. పీట్ కరిగిన నీళ్లు టీ రంగులో వస్తాయి. ఆ రంగు తీయడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు చివరికి ఇంటి బిల్లులోకే వస్తుంది. బిల్లు మాట రాగానే బావ ముఖంలో మొదటిసారి ఆసక్తి కనిపించింది.

రాత్రి భోజనం ఓల్డ్ నాగ్స్ హెడ్ పబ్‌లో. సుమారు 430 కిలోమీటర్ల పెన్నైన్ వే నడకదారి ఈ గుమ్మం నుంచే మొదలవుతుంది. బురద బూట్లతో, తడి కుక్కలతో లోపలికి వచ్చినా ఎవరూ ఏమీ అనరు. పిండిలో మాంసం కూరి కాల్చిన 'పై' అనే వంటకం, దాని పక్కన ముద్దగా ఉడికించిన బఠానీ, పైన గ్రేవీ. రెండు ప్లేట్లకూ తాగినదానికీ కలిపి నలభై పౌండ్లు దాటింది. ఉప్పు తక్కువే గానీ, చలిలో ఆ గ్రేవీ ముందు ఇంకేదీ గుర్తు రాలేదు.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన, గొర్రెల రైతు. మేం ఎందుకొచ్చామో విని చాలాసేపు ఏమీ అనలేదు. ఇక్కడివాళ్లు మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంచుతారు, మనం తొందరపడి దాన్ని నింపకూడదు. తర్వాత ఆయనే చెప్పాడు. ఈ కొండల మీద గొర్రెలకు కంచె అక్కర్లేదట. ఏ మందకు ఎక్కడిదాకా మేతో దానికే తెలుసు, తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది. హెఫ్ట్ అంటారు దాన్ని. మందను ఒక్కసారి దించేస్తే ఆ హద్దు నేర్పే తల్లి ఉండదు. "మా నాన్న కాలంలో గొర్రెకింత అని ప్రభుత్వం డబ్బిచ్చి పెంచమంది, పెంచాం. ఇప్పుడు తగ్గించడానికి డబ్బిస్తోంది, తగ్గించాం. రేపు ఇవ్వడం మానేస్తే?" ఆ ప్రశ్నకు జవాబు మా దగ్గర లేదు. ఆ సంస్థల కాగితాల్లోనూ అంత సూటి జవాబు నాకు కనబడలేదు.

కిండర్ స్కౌట్, శుక్రవారం

అప్పర్ బూత్ అనే పొలాల గుంపు దాటాక జేకబ్స్ ల్యాడర్ అనే రాతిమెట్లు. బావ ఆయాసపడుతూ ప్రతి మలుపులోనూ ఆగాడు. ఎదురొచ్చే ప్రతి మనిషీ "మార్నింగ్" అని పలకరించే వెళ్తాడు, జవాబు చెప్పకపోతే బాగుండదు. గేటు తెరిచినవాళ్లే మళ్లీ మూయాలి. వెనక ఇంకెవరైనా వస్తుంటే పట్టుకుని నిలబడాలి.

పైన గొర్రెలు రాకుండా కంచె ఉంది, మనుషులు దాటడానికి మెట్లు కట్టారు. 1982 నుంచి ఈ కిండర్ కొండ నేషనల్ ట్రస్ట్ ఆస్తి. ఒకప్పుడు ఇక్కడ కంటికి ఆనేదంతా నల్లటి పీట్ అని చదివాను. ఇప్పుడు మాత్రం గోధుమ రంగు గడ్డి, హెదర్, మధ్యమధ్య మొండిగా మిగిలిన నల్ల దిబ్బలు. ఈ పచ్చదనం దానంతటది వచ్చింది కాదు. ముందు ఆమ్లం తగ్గించడానికి సున్నం చల్లారు. తర్వాత ఎరువు, త్వరగా మొలిచే గడ్డి విత్తనాలు. ఆ గడ్డి కొన్నేళ్లు మట్టిని పట్టి ఉంచుతుంది, హెదర్ అందుకున్నాక దానంతటదే పోతుంది. మరో చోట కోసి తెచ్చిన హెదర్ కొమ్మలను బస్తాల్లో హెలికాప్టర్లతో దించి పరిచారు. నీడకు నీడ, విత్తనానికి విత్తనం. ఏటవాలు చోట్ల జనపనార వలలు కప్పారు. ఒక వల అంచు బయటపడి ఉంటే వంగి పట్టుకున్నాను. వానకు తడిసిన గోనెసంచి వాసన.

'కిండర్ లో' అనే ఎత్తైన చోటు దగ్గర మబ్బు కమ్మింది. బావకు దగ్గరి దారి దొరికిందనిపించింది, ఒక గ్రఫ్‌లోకి దిగాడు. నీళ్లు పీట్‌ను కోసి చేసిన వాగుల్లాంటి సందులవి. లోపలికి దిగాక రెండు పక్కలా మనిషిని మించిన నల్లగోడలు, ఆ సందులోంచి ఇంకో సందు, అందులోంచి ఇంకోటి. ఫోన్‌లో మ్యాప్ ఉంది గానీ మేం ఎటు తిరిగి నిలబడ్డామో చెప్పలేదు. కొంచెం టెన్షన్ మొదలయ్యాక ఒక కుక్క మొరిగింది, దాని వెనకే తాడు పట్టుకుని ఒక పెద్దావిడ. "పైకి ఎక్కండి, లవ్. ఎడమ చేతి వైపు కొండ అంచు కనిపిస్తే దారిలో ఉన్నట్టు" అంది. తిట్టలేదు, నవ్వలేదు. దారి దాకా తోడొచ్చి, మా థాంక్స్ వినకుండానే వెళ్లిపోయింది.

ఆ తప్పిపోవడం వల్లే అసలు పని కళ్లబడింది. గ్రఫ్ అడుగున కొంత దూరానికొకటి చొప్పున రాళ్ల గుట్టలు, అడ్డుకట్టలు. వాటి వెనక మోకాటి లోతు నీటిమడుగు, మడుగు అంచున ముదురాకుపచ్చ నాచు. ఆ రాళ్లను కూడా హెలికాప్టర్లలోనే తెచ్చారు. కట్ట నీటిని ఆపేయదు, వేగం తగ్గిస్తుంది. కొట్టుకొచ్చే పీట్ అక్కడ దిగి, నెమ్మదిగా సందు పూడుతుంది. చుట్టుపక్కల నేలలో నీటిమట్టం పైకొస్తుంది. వాగుల దగ్గర కొలతలు పెట్టి చూస్తే, మొక్కలు వచ్చి కట్టలు పడ్డ చోట వాన తర్వాత వరద ఆలస్యంగా, తక్కువ ఎత్తులో దిగుతోందని తేలింది. కట్టలు చూశాక బావ స్వరం మారింది. "అంటే వీళ్లు కొండను స్పీడ్ బ్రేకర్లతో నింపుతున్నారన్నమాట" అన్నాడు. నేను చదివిన రిపోర్టులన్నిటి కంటే అది మేలైన వివరణ.

కిండర్ డౌన్‌ఫాల్ జలపాతం దగ్గర గాలి నీటిని వెనక్కి, పైకి తోస్తోంది. మేం పూర్తిగా తడిశాం. అక్కడే కుందేలు కనిపించింది. ఇంగ్లండ్ మొత్తంలో మౌంటెన్ హేర్ ఉన్నది ఈ కొండల్లోనే, పందొమ్మిదో శతాబ్దంలో వేట కోసం స్కాట్లండ్ నుంచి తెచ్చి వదిలారు. చలికాలంలో తెల్లబడుతుంది. మంచు లేని ఈ మార్చిలో నల్లటి పీట్ మీద కూర్చున్న ఆ తెల్లకుందేలు అర కిలోమీటరు దూరానికి కూడా కనబడుతోంది. దాక్కోవడానికి వేసుకున్న తెలుపే పట్టిస్తోంది పాపం.

దిగింది విలియం క్లఫ్ లోయ మీదుగా. 1932 ఏప్రిల్ 24న వందలాది మంది కార్మికులు, యువకులు ఇదే లోయలో ఎదురు దిశగా కిండర్ ఎక్కారు. అప్పట్లో ఇది గ్రౌస్ పక్షుల వేట కోసం దొరలు కాపలా పెట్టుకున్న నేల, మామూలు జనం అడుగు పెడితే చొరబాటే. ఐదుగురిని జైల్లో పెట్టారు. వాళ్లలో ఒకడైన బెన్నీ రోత్‌మన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. మూర్‌ల మీద అందరూ నడవొచ్చని హక్కు రాసిచ్చిన చట్టం 2000లో గానీ రాలేదు. హేఫీల్డ్ శివార్లలో, వాళ్లు బయల్దేరిన రాతిగని గోడకు ఒక పలక ఉంది. దాని పక్కనే కార్ పార్కింగ్. బావ ఫోటో దిగాడు.

ఊళ్లో చేప, చిప్స్. ఒక్కొక్కరికి పది పౌండ్ల లోపే. చిప్స్ మీద వినిగర్ వద్దంటే కౌంటర్ దగ్గరి అమ్మాయి నమ్మలేనట్టు చూసింది. నది ఊరి మధ్యలోంచే పారుతుంది. కొట్టు ముందు క్యూలో నిలబడ్డ ముసలాయన, గట్టి వాన కురిసిన రాత్రుళ్లు ఇప్పటికీ లేచి నది చప్పుడు వింటానని చెప్పాడు. కొండ మీది కట్టల సంగతి ఆయనకు తెలుసు. "మంచిదే. కానీ నేను లేవడం మానను" అన్నాడు.

బ్లీక్‌లో, శనివారం

బావకు డ్యూటీ ఉంది, వెళ్లిపోయాడు. నేను గ్లాసప్‌లో ఉండిపోయి, పొద్దున్నే ఓట్‌కేక్ తిన్నాను. పేరులో కేక్ ఉన్నా అది ఓట్ పిండితో వేసిన మెత్తటి అట్టు, లోపల చీజ్. ఐదు పౌండ్లకు కడుపు నిండింది. యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన తిండి ఇదే.

నాచు నాటే స్వచ్ఛంద బృందంతో స్నేక్ పాస్ రోడ్డు మీద, ఐదు వందల మీటర్ల ఎత్తున దిగాను. అక్కడి నుంచి 'బ్లీక్‌లో' అనే కొండ మీదికి నడక రాతిపలకల మీద. వేలమంది బూట్లు తొక్కి పెన్నైన్ వే బురదగుంటగా మారితే, పడగొట్టిన పాత నూలుమిల్లుల నేల పలకలను తెచ్చి పరిచారు. కొన్నింటికి యంత్రాలు బిగించిన రంధ్రాలు ఇంకా ఉన్నాయి. కొండను చంపిన పొగ ఆ మిల్లులదే, ఇప్పుడు వాటి రాళ్లే దాన్ని మన కాళ్ల నుంచి కాపాడుతున్నాయి. ఇలాంటిది కథలో రాస్తే అతికించినట్టుంది అంటారు.

బృందంలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు, ఇద్దరు కాలేజీ పిల్లలు. గంట గడిచినా ఎవరూ నా పేరు అడగలేదు గానీ, గ్లవ్స్ లేవని చూసి ఒకాయన తన రెండో జత ఇచ్చేశాడు. పని చూడ్డానికి సులువు. ట్రేలో గుప్పెడంత నాచు ముద్దలు, నర్సరీలో పెంచినవి. కర్రతో కన్నం చేసి, ముద్ద పెట్టి, మడమతో నొక్కాలి. ఎక్కడ పెట్టాలన్నదే తెలియాల్సిన విషయం. నిలవ నీళ్లలో తేలిపోతుంది, పొడిచోట ఎండిపోతుంది. కాటన్ గ్రాస్ కుదుళ్ల పక్కన, అడుగేస్తే నీరు చిమ్మేచోట దానికి ఇల్లు. కాసేపటికి కళ్లతో కాదు, కాళ్లతో వెతకడం అలవాటైంది.

స్ఫాగ్నమ్ తన బరువుకు ఇరవై రెట్ల దాకా నీరు పట్టుకోగలదు. బృందం నడిపే అమ్మాయి పక్కనున్న పాత నాచు కొంచెం తీసి పిండి చూపించింది, ధారగా కారింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలకు కట్టు కట్టడానికి ఈ నాచునే ఏరి ఆసుపత్రులకు పంపారట. వట్టి గడ్డి, హెదర్ వచ్చినంత మాత్రాన మూర్ బాగుపడినట్టు కాదని ఆమె గట్టిగా చెప్పింది. అవి మట్టిని ఆపుతాయి. కొత్త పీట్ కట్టేది, నేలను ఏడాది పొడుగునా తడిగా ఉంచేది ఈ నాచు. ఆగస్టులో ఊదారంగు హెదర్ పూసినప్పుడు ఫోటోలు తీసుకునే మనం, దాన్నే ఆరోగ్యం అనుకుంటాం. పోస్టర్ల మీద వేసేదీ అదే. ఈ విషయంలో పర్యాటక శాఖల కంటే బురదలో మోకాళ్లు ఆనించినవాళ్ల మాటే నమ్మాలని నాకు అనిపించింది.

మధ్యాహ్నం అందరూ ఒకేసారి, గాలికి వీపు తిప్పి, పీట్ దిబ్బ చాటున కూర్చున్నారు. ఫ్లాస్కుల్లో టీ, చేతులు మారే బిస్కెట్లు. గ్లవ్స్ ఇచ్చినాయన మాంచెస్టర్ దగ్గరి మిల్లు ఊరివాడు. "మా తాత బొగ్గు వేసే పనిలో ఉండేవాడు. ఆయన పంపిన పొగకు నేను ఇక్కడ వడ్డీ కడుతున్నాను" అని పెద్దగా నవ్వాడు. తలపైన గోల్డెన్ ప్లోవర్ ఒంటి ఈల వేస్తోంది, కనబడదు. ఈ పక్షులు నేల మీదే గూడు కడతాయి. అందుకే ఈ నెలలోనే నాటడం ఆపేస్తారు, మళ్లీ మొదలయ్యేది పిల్లలు ఎగిరిపోయాకే.

తిరిగి వస్తూ కొందరు విమానం శకలాలు చూడ్డానికి పక్కదారి పట్టారు, నేనూ వెళ్లాను. 1948 నవంబర్ 3న అమెరికా వాయుసేన బి-29 ఒకటి మబ్బులో ఈ కొండను ఢీకొట్టింది, 13 మందీ చనిపోయారు. ఇంజన్లు, రెక్కల ముక్కలు అలాగే ఉన్నాయి. ఎవరో కాగితపు పువ్వులు పెట్టారు. ఎక్కువసేపు ఉండలేదు.

మార్స్‌డెన్, ఆదివారం

యార్క్‌షైర్ వైపు ఉన్న ఉన్ని మిల్లుల ఊరు. వసంతం వెళ్లిపోకుండా కోకిలను గోడ కట్టి ఆపబోయారని, ఒక్క వరస రాయి తక్కువై అది ఎగిరిపోయిందని ఈ ఊరివాళ్ల మీద ఒక పాత కథ. దాని పేరుతో ఏప్రిల్‌లో పండగ కూడా చేస్తారు. తమ మీది జోకును పండగ చేసుకున్న ఊరంటే నాకు ముందే ఇష్టం కలిగింది.

ఇక్కడ సమస్య నీరు కాదు, నిప్పు. మార్స్‌డెన్ మూర్ 1955 నుంచి నేషనల్ ట్రస్ట్‌ది. 2019 ఏప్రిల్‌లో దాదాపు 700 హెక్టార్లు కాలిపోయింది. అంతకుముందు ఏడాది వేసవిలో దగ్గర్లోని సాడిల్‌వర్త్ మూర్ అంటుకుంటే ఇళ్లు ఖాళీ చేయించి, సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. పైన మంట ఆరినా పీట్ లోపల రోజుల తరబడి రగులుతుంది, ఇంకోచోట పైకి లేస్తుంది. పార్కింగ్ దగ్గర, దారి మొదట్లో, గేటు మీద అన్నిచోట్లా ఒకే బోర్డు. బార్బెక్యూలు, మంటలు, బాణసంచా, ఆకాశదీపాలు నిషేధం. సూపర్ మార్కెట్లలో దొరికే చవక అల్యూమినియం ట్రే బార్బెక్యూ మీద ఇక్కడివాళ్లకున్న కోపం మరి దేని మీదా లేదు.

కాఫీ షాపులో పార్కిన్ తీసుకున్నాను, అల్లం, బెల్లంపాకం వేసిన ముదురు కేకు, టీతో కలిపి ఆరు పౌండ్లు. అక్కడ ఒక వాదన నడుస్తోంది. ఒకాయన వేటమూర్‌లో కాపలాదారు. చలికాలంలో హెదర్‌ను కొంచెం కొంచెంగా కాల్చితే గ్రౌస్‌లకు లేతచిగుళ్లు వస్తాయి, అది వాళ్ల పాత పద్ధతి. 2021 నియమాలు రక్షిత ప్రాంతాల్లో 40 సెంటీమీటర్లకు మించి లోతున్న పీట్ మీద లైసెన్సు లేకుండా కాల్చడాన్ని ఆపాయి, 2025లో ఆ కొలతను 30కి తగ్గించారు. "కాల్చకపోతే పొద పెరిగి రేపటి పెద్దమంటకు కట్టెలవుతుంది" అని ఆయన వాదం. ఎదుటావిడ మంటల కాలంలో కొండ మీద కాపలా తిరిగే వాలంటీరు. "తడిగా ఉంచు, అంటుకోదు" అని ఆవిడ. నాకు ఆవిడ మాటే సబబనిపించింది, బ్లీక్‌లోలో నీళ్లు కారిన నాచును చూశాను కదా. కానీ 2019లో మంటార్పడానికి పొడవాటి తెడ్లు పట్టుకుని వచ్చినవాళ్లలో కాపలాదార్లూ ఉన్నారని ఆవిడే ఒప్పుకుంది. దగ్గర్లో ఏ వాగు ఉంది, గాలి ఎటు తిరుగుతుంది అన్నది వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదట. వాదన తేలలేదు. కేకు రెండో ముక్క ఆయనే ఆవిడకు కొనిచ్చాడు.

మధ్యాహ్నం ఊరికి పైన ఒక కట్ట దాకా ఆవిడ వెంట నడిచాను. కర్ల్యూ పక్షులు సముద్రతీరం నుంచి తిరిగి వచ్చేశాయి, పొడుగు వంకర ముక్కుతో తడిగడ్డిలో పొడుస్తున్నాయి. వాటి తిండి ఆ తడిలోనే ఉంది. నేల ఎండితే పురుగుల్లేవు, పురుగుల్లేకపోతే పిల్లలు బతకవు. ఒక కుటుంబం కుక్కను వదిలేసి ఆడిస్తుంటే ఆవిడ దగ్గరికెళ్లి, ముందు కుక్కను మెచ్చుకుని, ఆ తర్వాత విషయం చెప్పింది. మార్చి 1 నుంచి జులై 31 దాకా ఈ నేల మీద కుక్కలు పొట్టి తాడుతోనే ఉండాలి. వాళ్లు సారీ చెప్పి తాడు తగిలించారు. ఆ వరస గమనించాను, మెచ్చుకోలు ముందు, రూల్ తర్వాత.

తూర్పుగాలి వీచే పొడి వారాలు వస్తే ఆవిడకు ఇక ఆదివారాలు ఉండవు. కాపలాకు ఇంకా మనుషులు కావాలట, జీతం లేదు, రేడియో, జాకెట్ వాళ్లే ఇస్తారు, భోజనం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. బావ నంబరు ఆవిడకు ఇచ్చి వచ్చాను. వాడికి ఇంకా చెప్పలేదు.